ఒకే పేరు, రెండు బీర్లు: ఐపీఏ రెసిపీ వెనకున్న లెక్క

ఇంట్లో బీరు కాచేవాళ్లు రాసుకున్న ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ఎక్కువుండే ఒక రకం బీరు) రెసిపీలు రెండు తెచ్చి పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. ఒకదాంట్లో హాప్స్‌ని, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వుల్ని, గంటసేపు మరిగించమని ఉంటుంది. రెండోదాంట్లో మరుగుతున్నప్పుడు హాప్స్ జోలికే పోవద్దని, పొయ్యి ఆపాకే వేయమని ఉంటుంది. ఒకరు నీళ్లలో జిప్సం కలపమంటే ఇంకొకరు కాల్షియం క్లోరైడ్ కలపమంటారు. గ్లాసు వెనక పట్టుకున్న వేలు ఒక బీరులో స్పష్టంగా కనబడుతుంది, రెండో బీరులో అసలు కనబడదు. అయినా రెండింటి పేరూ ఇండియా పేల్ ఏల్ అనే అంటారు, రెండూ సరైనవే.

రెసిపీని సామాన్ల జాబితాగా చదివినప్పుడే ఈ తికమక వస్తుంది. రెసిపీ తయారుచేసేవాళ్లు మాత్రం గ్లాసులోకి ఎలాంటి బీరు రావాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తారు. ఆ లెక్క పట్టుబడితే రెండు రెసిపీలు ఎక్కడ, ఎందుకు విడిపోయాయో తేలిగ్గానే తెలుస్తుంది. హాప్స్ రకాల పేర్ల మీద జరిగే చర్చలో పదో వంతు కూడా ఈ లెక్క మీద జరగకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. రాష్ట్రాల్లో చివరగా మిసిసిపీ, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. బ్రిటన్‌లో 1963లోనే లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. మన దేశంలో మద్యం రాష్ట్రాల చేతిలోని అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాస్తే, అది బీరైనా సరే, ఎక్సైజ్ చట్టం కింద నేరమే. కాబట్టి ఈ లెక్కలు చేతికి పనికొచ్చేది అనుమతి ఉన్న దేశాల్లోని తెలుగువాళ్లకు. హైదరాబాద్‌లో లైసెన్సున్న మైక్రోబ్రూవరీలో కూర్చుని, ఇందులో ఈ వాసన ఎక్కడిది అని ఆలోచించేవాళ్లకు కూడా ఆ గ్లాసులో ఏముందో అర్థమవుతుంది.

పేరులో ఇండియా ఎందుకుంది

ఇండియాకు ఓడలో వచ్చేసరికి బీరు పాడైపోతోందని, దానికి విరుగుడుగా హాప్స్, ఆల్కహాల్ పెంచి కొత్త బీరు కనిపెట్టారని ఒక కథ బాగా తిరుగుతోంది. అసలు జరిగింది ఇంత సూటిగా లేదు. లండన్ తూర్పున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే చోటు దానికి దగ్గర. అతను కెప్టెన్లకు అరువు మీద సరుకిచ్చేవాడు. అలా 18వ శతాబ్దం చివర్లో అతని బీరు కలకత్తా, మద్రాసు, బొంబాయిలకు చేరింది. అది అప్పటికే ఇంగ్లండ్‌లో పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచి తాగే హాప్స్ ఎక్కువున్న లేత రంగు బీరు, కొత్తగా కనిపెట్టింది కాదు. పోర్టర్ అనే నల్లటి బీరు కూడా అవే ఓడల్లో ఇండియాకు వచ్చేది, అదీ బాగానే చేరేది.

1820లలో బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి బ్రూవరీలు ఈ వ్యాపారంలోకి దిగాయి. అక్కడి బావుల నీళ్లలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్లతో కాచిన బీరులో చేదు పదునుగా, శుభ్రంగా తెలిసేది. ‘ఈస్ట్ ఇండియా పేల్ ఏల్’ అనే పేరు అచ్చులో ఇప్పటిదాకా దొరికిన వాటిలో పాతది 1829లో సిడ్నీ పత్రికలో వచ్చిన ప్రకటన.

ఈ రోజు మనం ఐపీఏ అంటున్నదానికి ఆ పాత బీరుతో చుట్టరికం తక్కువే. 1972లో అమెరికాలో కాస్కేడ్ అనే హాప్స్ రకం విడుదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆంకర్ బ్రూవరీ 1975లో లిబర్టీ ఏల్ అనే బీరులో దాన్ని వాడింది. పంపరపనస, నిమ్మతొక్క వాసన వచ్చే ఆ హాప్స్‌తో వెస్ట్ కోస్ట్ (అమెరికా పడమటి తీరం) దారి మొదలైంది: తేట, పొడి (తీపి మిగలని రుచి), గట్టి చేదు. రెండో దారి అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలో ది ఆల్కెమిస్ట్ బ్రూవరీ 2004లో తెచ్చిన హెడీ టాపర్ అనే బీరుతో పేరు తెచ్చుకుంది: మసక, మెత్తదనం, పండ్ల వాసన. దీన్నే హేజీ అంటున్నారు. మొదట చెప్పిన రెండు రెసిపీలు ఈ రెండు దారులవే.

హైడ్రోమీటర్ అంకె నుంచి మాల్ట్ తూకం దాకా

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ మాల్ట్. దాన్ని మరపట్టి వేడినీళ్లలో నానబెడితే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. అలా దిగిన తియ్యటి రసం వోర్ట్. ఈస్ట్ ఆ చక్కెరల్ని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. రసంలో చక్కెర ఎంతుందో చెప్పేది గ్రావిటీ. మామూలు నీళ్లు 1.000 అయితే, ఐపీఏ వోర్ట్ పులియకముందు సాధారణంగా 1.056 నుంచి 1.070 మధ్య ఉంటుంది. ఇది ఒరిజినల్ గ్రావిటీ. పులిసిపోయాక మిగిలేది ఫైనల్ గ్రావిటీ.

దీన్ని కొలిచే హైడ్రోమీటర్ అడుగున బరువున్న సన్నటి గాజు గొట్టం. లోపల గీతల కాగితం ఉంటుంది. చిక్కటి వోర్ట్‌లో అది పైకి తేలుతుంది, పులిసేకొద్దీ కిందికి దిగుతుంది. పక్కలకు బుడగలు అంటుకుంటే దాన్ని పైకెత్తి గీత ఒకటో రెండో ఎక్కువ చూపిస్తాయి. అందుకే వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి, బుడగలు విడిపోయాక, అంచున కాకుండా మధ్యలో నీటిమట్టం ఏ గీత దగ్గరుందో చూస్తారు.

ఉదాహరణకు 20 లీటర్ల వెస్ట్ కోస్ట్ ఐపీఏ, ఒరిజినల్ గ్రావిటీ 1.060 కావాలనుకుందాం. చివరి 60 ని పాయింట్లు అంటారు. 20 లీటర్లకు 60 × 20, అంటే 1,200 పాయింట్లు కావాలి. కిలో పేల్ మాల్ట్ గరిష్ఠంగా దాదాపు 300 పాయింట్లు ఇవ్వగలదు. ఇంటి సామగ్రితో అందులో 75 శాతం దిగుతుందనుకుంటే 225. పంచదార మొత్తం కరిగిపోతుంది కాబట్టి కిలోకు 384 పూర్తిగా వస్తాయి.

పేల్ మాల్ట్ 4.8 కిలోలకు 1,080 వచ్చాయి. 200 గ్రాముల క్రిస్టల్ మాల్ట్‌కు 42. 200 గ్రాముల పంచదారకు 77. మొత్తం 1,199. లెక్క కుదిరింది.

పంచదార ఎందుకు అన్నది చాలామందికి అర్థం కాదు. దాన్ని ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, బీరులో తీపి మిగలదు. అందుకే అది బీరును ఇంకాస్త పొడిగా చేస్తుంది. మాల్ట్‌ను నానబెట్టే వేడి కూడా ఇదే పని మీద ప్రభావం చూపిస్తుంది. 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ వస్తాయి. 68, 69 దగ్గర ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్‌లు ఎక్కువ మిగిలి నోటికి ఒత్తుగా తగులుతాయి. మన ఉదాహరణలో 65 దగ్గర నానబెడితే, పాయింట్లలో 80 శాతం పులిశాయనుకుందాం. 60లో 12 మిగిలాయి, ఫైనల్ గ్రావిటీ 1.012. తేడా 0.048ని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ 6.3 శాతం.

ఇక క్రిస్టల్ మాల్ట్. తొక్క లోపలే చక్కెర అయ్యేలా తడిమీద వేయించిన బార్లీ ఇది. బీరుకు రాగిరంగు, కారమెల్ రుచి ఇస్తుంది. చేదుకు వెన్నుదన్నుగా కొంచెం మాల్ట్ రుచి ఉండాలని పాతతరం వాళ్లంటారు. కారమెల్ తీపి హాప్స్ వాసనను కప్పేస్తుందని, నిలవ ఉన్నకొద్దీ ముందు చెడేది అదేనని కొత్తతరం వాళ్లంటారు. 1990ల రెసిపీల్లో పది శాతం దాకా కనిపించేది. నాకు కొత్తతరం వాదనే సబబుగా తోస్తుంది. అందుకే పై ఉదాహరణలో నాలుగు శాతం మించలేదు.

ఐబీయూ: కచ్చితంగా కనిపించే ఉజ్జాయింపు

హాప్స్ అనేది ఒక తీగకు కాసే పువ్వు. దాని రెక్కల మొదట్లో పసుప్పచ్చ పుప్పొడిలాంటి జిగురు ఉంటుంది. అందులో ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాలు రెండూ ఉన్నాయి. ఆల్ఫా ఆమ్లాలు ఉన్నవి ఉన్నట్టుగా నీళ్లలో సరిగ్గా కరగవు. మరిగిస్తే రూపం మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి, అప్పుడు కరిగి చేదు ఇస్తాయి. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే ఒక ఐబీయూ (ఇంటర్నేషనల్ బిటర్‌నెస్ యూనిట్, చేదు కొలత) అని స్థూలంగా లెక్క.

హాప్స్ ప్యాకెట్ మీద రకం పేరు, పంట ఏడాది, ఆల్ఫా శాతం ఉంటాయి. చూడాల్సింది మూడోది. అదే సిట్రా రకం హాప్స్ నిరుడు 12 శాతం ఉంటే ఈ ఏడాది 14 ఉండొచ్చు. ఎవరో రాసిన రెసిపీలోని గ్రాముల్ని ఉన్నదున్నట్టు దించుకుంటే చేదు మారిపోయేది ఇక్కడే.

మన 20 లీటర్లకు 13 శాతం ఆల్ఫా ఉన్న మాగ్నమ్ రకం హాప్స్ 20 గ్రాములు గంటసేపు మరిగిద్దాం. అందులో ఆల్ఫా ఆమ్లం 2.6 గ్రాములు. ఎంత శాతం చేదుగా మారుతుందన్నది మరిగే సమయాన్ని, గ్రావిటీని బట్టి ఉంటుంది. గ్లెన్ టిన్సెత్ ఫార్ములా ప్రకారం 1.060 దగ్గర, గంటకు దాదాపు 21 శాతం. అంటే 546 మిల్లీగ్రాములు, 20 లీటర్లతో భాగిస్తే 27 ఐబీయూ. అదే హాప్స్‌కి జాకీ రేగర్ ఫార్ములా వేస్తే 29 శాతం పైన వచ్చి 38 ఐబీయూ చూపిస్తుంది. కుండ మారలేదు, హాప్స్ మారలేదు, తేడా 11 వచ్చింది. అందుకే ‘మా ఐపీఏ 65 ఐబీయూ’ అని ఎవరన్నా అంటే, ఏ ఫార్ములాతో అన్నది తెలియకపోతే ఆ అంకెకు పెద్ద అర్థం లేదు.

ఆఖరి పది నిమిషాల్లో 10 శాతం ఆల్ఫా ఉన్న సెంటెనియల్ రకం 30 గ్రాములు వేస్తే, టిన్సెత్ లెక్కలో దాదాపు 7.6 శాతం చొప్పున 11 ఐబీయూ. పొయ్యి ఆపి 80 డిగ్రీలకు చల్లార్చి, 20 నిమిషాలు తిప్పుతూ ఉంచే దశను వర్ల్‌పూల్ అంటారు. అక్కడ 12 శాతం సిట్రా 60 గ్రాములు వేద్దాం. ఆ వేడిలో ఎంత మారుతుందన్నది ఎవరి కుండను బట్టి వాళ్లది. మూడు శాతం అనుకుంటే 11 ఐబీయూ, ఆరు శాతం అనుకుంటే 22. మొత్తం 49 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

ప్రయోగశాల అంకె కూడా నాలుకతో పూర్తిగా ఏకీభవించదు. అక్కడ బీరులోంచి ద్రావకంతో తీసిన పదార్థం 275 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. ఐసో ఆల్ఫా ఆమ్లాలే కాకుండా, చల్లటి బీరులో హాప్స్ వేసినప్పుడు దిగే హ్యుములినోన్‌లు వంటివీ ఆ కాంతిని పీల్చుకుంటాయి. వాటి చేదు ఐసో ఆల్ఫా అంత గట్టిది కాదు. పైగా తీపి ఎక్కువున్న బీరులో 60 ఐబీయూ అణిగిపోతుంది, పొడి బీరులో 45 కూడా గట్టిగా తగులుతుంది. అందుకే చాలామంది ఐబీయూను గ్రావిటీ పాయింట్లతో భాగించి చూస్తారు. మన బీరులో అది 0.8 నుంచి 1 మధ్య ఉంది, వెస్ట్ కోస్ట్‌కు సరిపోయే చోటే. ఫార్ములా ఏదైనా, ప్రతిసారీ అదే వాడితే పోయినసారి కంటే చేదు పెరిగిందా తగ్గిందా అన్నది తేలుతుంది. ఆ అంకెతో వచ్చే అసలు ప్రయోజనం అదే.

వాసన ఎప్పుడు వేస్తే నిలుస్తుంది

చేదుకు మరగడం కావాలి, వాసనకు మరగడమే శత్రువు. తైలాల్లో ఎక్కువ భాగం మిర్సీన్, అది ఆవిరితో పాటు లేచిపోతుంది. చారు దించేముందు కొత్తిమీర వేసినట్టే, వాసన కోసం వేసే హాప్స్ పొయ్యి ఆపే వేళకు వెనక్కి జరుగుతూ వచ్చాయి. చివరికి పులిసిపోయిన చల్లటి బీరులోనే వేయడం మొదలైంది, దాన్నే డ్రై హాపింగ్ అంటారు.

మన ఉదాహరణకు 100 గ్రాములు, అంటే లీటరుకు 5 గ్రాములు. ఎక్కువ వేస్తే ఎక్కువ వాసన వస్తుందా? ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో కాస్కేడ్‌ను పెంచుకుంటూ పోయి చూశారు. లీటరుకు 8 గ్రాములు దాటాక వాసన పెరగడం బాగా తగ్గింది. నారింజ, నిమ్మ తరహా వాసన పక్కకు పోయి ఆకు, టీపొడి తరహా వాసన ముందుకొచ్చింది. ఇది ఒక్క రకం మీద వచ్చిన ఫలితమని గుర్తుంచుకోవాలి. అయినా గుప్పెళ్లకొద్దీ వేసే అలవాటును ప్రశ్నించడానికి అది చాలు. ఎన్ని రోజులు ఉంచాలన్న దాంట్లోనూ పాత లెక్క మారింది. వారం, పది రోజులు అనేవారు. తైలాల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుందని ఇప్పుడు తెలుసు.

అసలు గట్టి వాదన ఎప్పుడు వేయాలన్న దాని మీద ఉంది. బీరు ఇంకా పులుస్తుండగానే వేయాలని హేజీ కాచేవాళ్లు చాలామంది అంటారు. ఈస్ట్ కొన్ని తైలాల్ని మారుస్తుందన్నది వాళ్ల ఆధారం. జెరానియోల్‌ను సిట్రొనెల్లోల్‌గా మార్చడం ప్రయోగశాలల్లో రుజువైంది కూడా. పులుస్తున్న ఈస్ట్ లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటుందన్నది రెండో లాభం. పులియడం అయ్యాకే వేయాలనేవాళ్ల వాదనలోనూ బలముంది. బుడబుడమని పోయే కార్బన్ డయాక్సైడ్ వాసనను వెంటబెట్టుకుపోతుంది, అడుగుకు దిగే ఈస్ట్ తైలాల్ని అంటించుకుని దిగుతుంది. రసాయన మార్పు జరగడం నిజమే. గ్లాసులో దాన్ని ముక్కు పట్టుకోగలదా అన్నది హాప్స్ రకం, ఈస్ట్ రకం మీద ఆధారపడే విషయం.

నీళ్లలో ఉప్పుల తూకం

మన ఇళ్లలో ఆర్వో నీళ్లు అందరికీ తెలిసినవే. బీరు కాచేవాళ్లకు అది ఖాళీ పలక, కావలసింది దాని మీద రాసుకోవచ్చు. సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది, బీరు పొడిగా అనిపిస్తుంది. క్లోరైడ్ ఎక్కువైతే రుచి గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ఐదు కిలోల మాల్ట్ తాగేసేది, మరిగి ఆవిరయ్యేది, కుండ అడుగున పోయేది కలిపి 20 లీటర్ల బీరుకు సుమారు 30 లీటర్ల నీళ్లు పడతాయి. వాటిలో జిప్సం 11 గ్రాములు కలిపితే లీటరుకు సల్ఫేట్ 205 మిల్లీగ్రాములు, కాల్షియం 85 చేరతాయి. వెస్ట్ కోస్ట్‌కు ఇది చక్కగా సరిపోతుంది. బర్టన్ నీళ్లలో సల్ఫేట్ ఇంతకు మూడింతల దాకా ఉండేదని, అంతా కలపాలని కొందరు చూస్తారు. అంత అవసరమని నేననుకోను, అక్కడి నుంచి బీరులో ఖనిజాల రుచి తెలియడం మొదలవుతుంది.

కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ తీసేయడం తప్పనిసరి. లేదంటే ఆసుపత్రి మందు వాసన వస్తుంది, ఏ హాప్స్ కూడా దాన్ని కప్పలేవు.

అదే బీరును హేజీగా మారిస్తే

ఇప్పుడు అదే 20 లీటర్లు, అదే 1.060 తీసుకుని రెండో దారిలో వెళ్దాం. పేల్ మాల్ట్ 4 కిలోలకు తగ్గుతుంది, 900 పాయింట్లు. ఓట్స్ 700 గ్రాములకు 144, అటుకులు చేసిన గోధుమ 700 గ్రాములకు 153. మొత్తం 1,197. క్రిస్టల్, పంచదార రెండూ లేవు. ఓట్స్, గోధుమల్లోని ప్రొటీన్లు మసకకు, మెత్తదనానికి తోడవుతాయి. 68 డిగ్రీల దగ్గర నానబెడితే పాయింట్లలో 75 శాతమే పులిసి 1.015 దగ్గర ఆగిందనుకుందాం. ఆల్కహాల్ 5.9 శాతం.

గంటసేపు మరిగే హాప్స్ లేవు. వర్ల్‌పూల్‌లోనే 120 గ్రాముల సిట్రా. మూడు, ఆరు శాతాల మధ్య లెక్కేస్తే 22 నుంచి 43 ఐబీయూ. డ్రై హాప్ 160 గ్రాములు, అంటే లీటరుకు సరిగ్గా 8. అన్ని హాప్స్ పీల్చుకునే బీరే లీటరు దాకా ఉంటుంది, కాబట్టి మొదట్లోనే ఆ మేరకు ఎక్కువ కాచుకోవాలి. నీళ్లలో ఈసారి క్లోరైడ్‌ది పైచేయి. ఈస్ట్ కూడా మారుతుంది. వెస్ట్ కోస్ట్‌కు సొంత రుచి పెద్దగా చూపించని అమెరికన్ ఏల్ ఈస్ట్ 18, 20 డిగ్రీల మధ్య పులిస్తే చాలు. హేజీకి పండు వాసన కాస్త ఇచ్చే లండన్ తరహా ఈస్ట్ ఎక్కువగా వాడతారు.

రెండు రెసిపీల్లో గ్రావిటీ ఒక్కటే, ప్రధాన హాప్స్ కూడా సిట్రానే. మిగిలిన తీపి, నానబెట్టిన వేడి, నీళ్లలో ఉప్పు, హాప్స్ వేసిన వేళ మారేసరికి రెండు వేరు బీర్లు అయ్యాయి.

సీసాలోకి వెళ్లాక మారే లెక్క

కాగితం మీద రెసిపీ సరిగ్గా ఉన్నా, రెండు విషయాలు దాన్ని తర్వాత మార్చేస్తాయి. ఒకటి ఆక్సిజన్. సీసాలోకి పోసేటప్పుడు గాలి కలిస్తే ముందు హాప్స్ వాసన పోతుంది, తర్వాత అట్టముక్క రుచి వస్తుంది. హేజీ అయితే రంగు కూడా గోధుమగా తిరుగుతుంది. హాడ్జ్‌సన్ బీరు నెలల తరబడి పీపాలో కుదురుకున్నాక తాగేది. ఇప్పటి ఐపీఏ వాసన వారాల్లోనే తరిగిపోతుంది.

రెండోది హాప్ క్రీప్. హాప్స్‌లోనూ పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములున్నాయి. అవి మరగవు కాబట్టి డ్రై హాప్ చేసిన బీరులో బతికే ఉంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన డెక్స్‌ట్రిన్‌లను అవి తినగలిగే చక్కెరలుగా చేస్తాయి, ఈస్ట్ మళ్లీ మొదలెడుతుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞులు 1893లోనే దీని గురించి రాశారు. డ్రై హాపింగ్ మోతాదులు ఇంతలా పెరిగాక మళ్లీ అందరి దృష్టికీ వచ్చింది.

మన 1.012 బీరునే తీసుకుందాం. పులియడం అయిపోయిందనుకుని సీసాలకు పట్టాక అది 1.009కి దిగిందనుకోండి. ఒక్కో పాయింటుకు అర వాల్యూమ్ గ్యాస్ (బీరు ఘనపరిమాణంలో సగం) తయారవుతుంది, మూడు పాయింట్లకు ఒకటిన్నర. సీసాకు మామూలుగా పట్టించే 2.5కి ఇది కలిస్తే 4. మామూలు బీరు సీసాలు చాలావరకు అంత ఒత్తిడికి చేసినవి కావు, పగిలితే గాజు ముక్కలు ఎగురుతాయి. అందుకే డ్రై హాప్ వేసిన తర్వాత హైడ్రోమీటర్ అంకె వరసగా కొన్ని రోజులు ఒకే దగ్గర నిలబడిందని తేలాకే సీసాలకు పడతారు.